గేటా, ఎమ్మెస్సా, అమీర్‌పేట కోర్సా?

ఎస్సార్‌నగర్ హాస్టల్ నుంచి ఒక పాఠకురాలు ఏప్రిల్ మొదట్లో నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు ఇరవై రెండు, సొంతూరు నల్గొండ జిల్లా. నాన్నగారిది టైలరింగ్ షాపు, రెండెకరాల పొలం ఉంది, తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. ఈమె 2025లో జేఎన్టీయూహెచ్ కింద ఉన్న ఒక కాలేజీలో ఈసీఈ పూర్తిచేశారు. సీజీపీఏ 6.7. రెండు సబ్జెక్టులు పోతే సప్లిమెంటరీలో పాసయ్యారు. పది నెలల్లో మూడు వందలకు పైగా ఉద్యోగాలకు అప్లై చేస్తే ఇంటర్వ్యూ దాకా వచ్చినవి రెండే. రెండు చోట్లా మేజర్ ప్రాజెక్టు గురించి అడగ్గానే గొంతు పెగల్లేదట. అది అమీర్‌పేటలో తొమ్మిది వేలకు కొన్న ప్రాజెక్టు.

ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ కోసం పుస్తకాలు కొని మూడు చాప్టర్లు చదివి ఆపేశారు. వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోర్సుకు అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ లక్షా పదివేలు చెప్పింది. బాబాయి ఎమ్మెస్‌కు అమెరికా వెళ్లమంటున్నారు. మొత్తం 40 లక్షలు అవుతాయని, ముప్ఫై లోన్ వస్తుందని, మిగిలిన పది తాను ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తానని ఆయన మాట. రూమ్మేట్ ఇంకో దారి చూపించింది: మాదాపూర్‌లో ఒకాయన లక్షన్నరకు మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి, ఇంటర్వ్యూ కూడా వేరేవాళ్లతో చేయించి ఉద్యోగం ఇప్పిస్తాడట, సోమవారంలోగా యాభై వేలు కట్టాలట. ఇదిలా ఉంటే రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదని కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేసింది, 72 వేలు కడితేనే ఇస్తామంటోంది. ఇంట్లో సంబంధాల మాట మొదలైంది. "ఏది చేయమంటే అది చేస్తాను, మీరే చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

ముందు సోమవారం సంగతి. మిగతా వాటికి లాభనష్టాలు రెండూ చెబుతాను, దీనికి మాత్రం ఒకటే మాట: ఆ యాభై వేలు కట్టకండి. మూడేళ్ల అనుభవం అంటే 2023 నుంచి మీరు ఉద్యోగం చేస్తున్నట్టు. అదే 2023లో మీరు రోజూ కాలేజీకి వెళ్లిన రెగ్యులర్ విద్యార్థి అని మీ మార్కుల మెమోలే చెబుతున్నాయి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టినవాళ్లకు ఇంకేమీ అక్కర్లేదు. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతా నంబర్ (యూఏఎన్) కింద ఉన్న సర్వీస్ హిస్టరీ చూస్తాయి, జీతం మీద కట్టిన పన్ను చూపే ఫారం 26ఏఎస్ అడుగుతాయి, పాత కంపెనీ హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడతాయి. ఇది చాలాసార్లు చేరిన తర్వాత జరుగుతుంది కాబట్టి రెండు మూడు నెలలు జీతం తీసుకున్నాక బయటికి పంపిస్తారు. కొందరు దళారులు పీఎఫ్ కూడా కట్టి చూపిస్తామంటారు. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ తప్పుడు రికార్డు మీ యూఏఎన్‌లో ఉండిపోయి, రేపు నిజంగా వచ్చిన ఉద్యోగానికీ, వీసా ఫారంలో పాత ఉద్యోగాల వివరాలు రాసేటప్పుడూ అడ్డం వస్తుంది. వేరేవాళ్లు ఇచ్చిన ఇంటర్వ్యూతో చేరితే మొదటి రోజు నుంచీ మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్ల పని మీ టేబుల్ మీద పెడతారు. అప్పుడు ఎవరి సాయంతో చేస్తారు? డబ్బుకు రసీదు ఉండదు, అడిగే దిక్కూ ఉండదు. రూమ్మేట్‌తో గొడవ పెట్టుకోవద్దు, "నాన్న ఒప్పుకోలేదు" అంటే సరిపోతుంది.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి. మీరు జతచేసిన రెజ్యూమేలో "బీటెక్ 67 శాతం" అని ఉంది. 6.7ను పదితో గుణించి రాసినట్టున్నారు. 2021లో చేరిన మీ బ్యాచ్‌ది ఆర్18 రెగ్యులేషన్. దాని ప్రకారం సీజీపీఏ నుంచి 0.5 తీసేసి, మిగిలినదాన్ని పదితో గుణించాలి. అంటే మీది 62 శాతం. 60 కటాఫ్ పెట్టే కంపెనీలకు మీరు ఎటూ అర్హులే, పెంచి రాయాల్సిన అవసరమే లేదు. కానీ ఫారంలో 67 ఉండి మెమోలో 62 తేలితే, అది తెలియక జరిగిన పొరపాటని నమ్మేవాళ్లు ఉండరు, ఆఫర్ వెనక్కి తీసుకుంటారు. ఈరోజే రెజ్యూమేలోనూ, నౌకరీ, లింక్డిన్ ప్రొఫైళ్లలోనూ "సీజీపీఏ 6.7, 62 శాతం" అని మార్చండి. బ్యాక్‌లాగ్స్ గురించి ఫారాల్లో రెండు రకాల ప్రశ్నలు ఉంటాయి. ప్రస్తుతం ఉన్నాయా అంటే లేవు. ఎప్పుడైనా ఉన్నాయా అంటే రెండు ఉండేవి, పాసయ్యాను. ఈ రెండింటినీ కలిపేసి "లేవు" అని రాయకండి.

ఒరిజినల్స్ విషయానికొస్తే, ఫీజు బాకీ పేరుతో సర్టిఫికెట్లు ఆపకూడదని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెప్పాయి. అయినా ఆపుతున్నారు, అది మీ ఒక్కరి కష్టం కాదు. నోటిమాటగా అడగడం మానేసి ప్రిన్సిపాల్‌కు కాగితం మీద దరఖాస్తు ఇవ్వండి, రెండో కాపీ మీద కాలేజీ ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. కదలిక లేకపోతే ఆ కాపీ పట్టుకుని కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి నాన్నగారితో వెళ్లండి. జేఎన్టీయూహెచ్ రిజిస్ట్రార్‌కూ ఒక కాపీ పంపండి. గత్యంతరం లేక కొంత కట్టాల్సి వస్తే, రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇస్తామని రసీదు మీదే రాయించుకోండి. అంతవరకు ఇంటర్వ్యూలు ఆగవు. వాటికి సెమిస్టర్ మెమోల స్కాన్ కాపీలు చాలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ (పీసీ), మొత్తం మార్కుల మెమో (సీఎంఎం) ఒరిజినల్స్ సాధారణంగా చేరేటప్పుడు చూస్తారు.

ఇక అసలు చిక్కు. మూడు వందల అప్లికేషన్లు, రెండు ఇంటర్వ్యూలు చూసి మీరు మార్కుల వల్ల అనుకుంటున్నారు. ఇంటర్వ్యూ దాకా పిలిచారంటే ఆ రెండు చోట్లా మార్కులు అడ్డు రాలేదు. ఆగింది ప్రాజెక్టు దగ్గర. ఆ ప్రాజెక్టును రెజ్యూమే నుంచి తీసేయొచ్చు. కానీ ఫ్రెషర్ రెజ్యూమేలో అది తీసేస్తే మిగిలేది ఏముంది? అందుకే దాన్నే మళ్లీ మీ చేత్తో కట్టమంటాను. నేలలో తేమ చూసి మోటార్ ఆన్, ఆఫ్ చేసే పరికరం అని రాశారు. ఆర్డ్యునో ఉనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, తేమ సెన్సర్, స్విచ్‌లా పనిచేసే చిన్న రిలే, కొన్ని వైర్లు. ఆన్‌లైన్‌లో కిట్‌గా కొనకండి. ఆదివారం కాకుండా మామూలు రోజు కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి విడివిడిగా అడిగి కొనుక్కోండి, దేనికి ఏది సరిపోతుందో అక్కడే సగం అర్థమవుతుంది.

కట్టేటప్పుడు మూడు చోట్ల ఆగి ఆలోచించండి, ఇంటర్వ్యూలో అడిగేవి అవే. మొదటిది ఏడీసీ, అంటే వోల్టేజీని అంకెగా మార్చే భాగం. ఉనోలో అది పది బిట్లది, 5 వోల్టులను 1024 మెట్లుగా విడగొడుతుంది, ఒక్కో మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులు. తెర మీద 512 కనబడితే పిన్ దగ్గర సుమారు రెండున్నర వోల్టులు ఉన్నట్టు. మల్టీమీటర్ పెట్టి చూసుకోండి. రెండోది సెన్సర్. రెండు కాళ్ల రకం సెన్సర్‌కు రోజంతా కరెంటిస్తూ తడి మట్టిలో ఉంచితే కొద్ది వారాల్లోనే ఒక కాలి మీద లోహం తినేసుకుపోతుంది, రీడింగు తప్పుతుంది. సెన్సర్ పవర్‌ను ఒక డిజిటల్ పిన్‌కు కలిపి, రీడింగు తీసే క్షణంలో మాత్రమే కరెంటివ్వాలి, లేదంటే కెపాసిటివ్ సెన్సర్ వాడాలి. మూడోది రిలే. కొన్న ప్రాజెక్టు కోడ్‌లో సాధారణంగా ఒకే గీత ఉంటుంది: 600 దాటితే ఆన్, తగ్గితే ఆఫ్. తేమ సరిగ్గా ఆ గీత దగ్గర ఊగుతుంటే రిలే టకటకా కొట్టుకుంటుంది. మట్టి పొడిబారే కొద్దీ రీడింగు పెరిగే మాడ్యూల్ అయితే 700 దాటాక ఆన్, 500 కిందికి దిగాక ఆఫ్ అని రెండు గీతలు పెట్టండి. మీది వ్యవసాయ కుటుంబం కాబట్టి నాలుగో ప్రశ్న కూడా రావచ్చు: దీంతో మీ పొలంలో మోటార్ నడుస్తుందా? త్రీఫేజ్ మోటార్‌ను ఈ చిన్న రిలే నేరుగా నడపలేదు. స్టార్టర్‌లో ఉన్న కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రం, రిలే రేటింగు సరిపోతే, నడపగలదు. ఈ నాలుగూ మీ చేతి మీదుగా తెలిస్తే మొదట అది కొన్న ప్రాజెక్టే అని నిజం చెప్పినా నష్టం లేదు. "అప్పుడు కొన్నాను, తర్వాత మళ్లీ కట్టాను, ఈ తప్పులు దొరికాయి" అనే మాటకు విలువ ఉంటుంది.

వీఎల్‌ఎస్‌ఐ కోర్సు, గేట్ ఈ రెండింటినీ మీరు వేరువేరు దారులుగా రాశారు. నవంబర్ దాకా ఇవి రెండూ ఒకటే దారి. గేట్‌లో 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌కు, దాదాపు 13 మ్యాథ్స్‌కు. సర్వీస్ కంపెనీల రాతపరీక్షల్లో ఆప్టిట్యూడ్ ఎలాగూ ఉంటుంది. మిగిలిన వాటిలో డిజిటల్ సర్క్యూట్లు, నెట్‌వర్క్స్, డివైసెస్, అనలాగ్ అనేవి వీఎల్‌ఎస్‌ఐ ఇంటర్వ్యూలో అడిగేవే. సెటప్ టైమ్, హోల్డ్ టైమ్, సీమాస్ ఇన్వర్టర్, ఆర్సీ సర్క్యూట్ రెస్పాన్స్ రెండు చోట్లా కావాలి. కాబట్టి ఈ నాలుగు సబ్జెక్టులు, మ్యాథ్స్, ఆప్టిట్యూడ్ ముందు పెట్టుకుని కమ్యూనికేషన్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్స్ చివరికి జరపండి. మీరు మూడు చాప్టర్ల తర్వాత ఆపేసింది ఎలక్ట్రోమాగ్నెటిక్స్‌తో మొదలుపెట్టడం వల్లేనని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

లక్షా పదివేలు కట్టే ముందు ఆరు వారాలు ఖర్చు లేకుండా చేసి చూడండి. హెచ్‌డీఎల్‌బిట్స్‌లో వెరిలాగ్ (చిప్ సర్క్యూట్లను కోడ్‌గా రాసే భాష) అభ్యాసాలు ఉచితం, ఈడీఏ ప్లేగ్రౌండ్‌లో బ్రౌజర్‌లోనే సిమ్యులేషన్ నడుస్తుంది. అభ్యాసాలు అయ్యాక సొంతంగా ఒక ఫైఫో (ముందు వచ్చిన డేటా ముందు బయటికి వెళ్లే వరుస) రాయండి, ఎనిమిది బిట్ల వెడల్పు, పదహారు గదులు. రాసే పాయింటర్, చదివే పాయింటర్ రెండూ ఒకే చోటికి వచ్చినప్పుడు ఫైఫో నిండినట్టా, ఖాళీ అయినట్టా? అక్కడ మీరు తప్పకుండా తడబడతారు. నాలుగు బిట్ల పాయింటర్‌కు ఇంకో బిట్ చేర్చాలి: కింది నాలుగు బిట్లు ఒకటై పై బిట్ వేరైతే నిండినట్టు, అయిదూ ఒకటైతే ఖాళీ. ఈ సమాధానం చదివి ఊరుకోకుండా, వేవ్‌ఫామ్‌లో పదిహేడో రైట్ ఆగిపోవడం కళ్లారా చూడండి. ఆ పని మీకు నచ్చితే కోర్సు గురించి ఆలోచించండి. విసుగొస్తే లక్షా పదివేలు మిగిలినట్టే.

కోర్సులో చేరాలనే అనిపిస్తే అడగాల్సినవి ఉన్నాయి. ఒక పూర్తి క్లాసులో కూర్చోనివ్వాలి. క్యాడెన్స్, సినాప్సిస్, క్వెస్టా లాంటి టూల్స్ లైసెన్సుతో ఉన్నాయా, ల్యాబ్‌లో ఒక్కొక్కరికి రోజుకు ఎన్ని గంటలు ఇస్తారో చూడాలి. కిందటి బ్యాచ్‌లో ఉద్యోగం రాని ఇద్దరితో మాట్లాడించమని అడగండి. ఉద్యోగం వచ్చినవాళ్ల ఫొటోలు గోడ మీద ఎలాగూ ఉంటాయి. ఫీజు రెండు మూడు వాయిదాల్లో కడతాననండి. "100 శాతం ప్లేస్‌మెంట్" అన్న మాటను వాళ్ల లెటర్‌హెడ్ మీద రాసిస్తారా అని అడగండి, అక్కడే మాట మారుతుంది.

గేట్ పూర్తిగా ఎంచుకుంటే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు చివర్లో మొదలవుతాయి, ఆడపిల్లలకు ఫీజు సగమే. పరీక్ష ఫిబ్రవరిలో, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. స్కోరుతో ఎంటెక్‌లో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది కాబట్టి ఇంటి మీద భారం తక్కువ. క్వాలిఫై కావడం వేరు, వరంగల్ ఎన్‌ఐటీలోనో కంది ఐఐటీలోనో వీఎల్‌ఎస్‌ఐ సీటు రావడం వేరు. రోజుకు ఆరేడు గంటలు, పాత ప్రశ్నపత్రాలు కనీసం పదేళ్లవి అయితేనే రెండోది అందుతుంది. రాకపోతే 2025 బ్యాచ్ వాళ్లకు ఫ్రెషర్ డ్రైవ్‌లు బాగా తగ్గిపోయి ఉంటాయి. ఇదే దాని అసలు ఖరీదు. గచ్చిబౌలి ట్రిపుల్‌ఐటీకి పీజీఈఈ అనే సొంత పరీక్ష ఉంది, చదువు చాలావరకు కలుస్తుంది కాబట్టి అదీ రాయండి. హాస్టల్‌లో చదువు సాగకపోతే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళ్లండి. పోటీ పరీక్షల పిల్లలతో నిండిపోతుంది, ఆలస్యమైతే కుర్చీ దొరకదు.

మధ్యేమార్గం అప్రెంటిస్‌షిప్. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ ఎన్‌ఏటీఎస్‌లో పేరు నమోదు చేసుకోండి. చర్లపల్లి ఈసీఐఎల్ లాంటి సంస్థలు ఈసీఈ గ్రాడ్యుయేట్లను ఏడాదికి తీసుకుంటాయి. డబ్బు తక్కువే, పర్మనెంట్ చేస్తారన్న హామీ లేదు. అయినా "ఈ ఏడాది ఏం చేశావు" అన్న ప్రశ్నకు నిజమైన జవాబు ఉంటుంది, సాయంత్రాలు చదువుకోవడానికి మిగులుతాయి. నాన్నగారికి సంబంధాల వాళ్ల దగ్గర చెప్పుకోవడానికీ ఒక మాట ఉంటుంది.

ఎమ్మెస్ గురించి బాబాయి చెప్పిన లెక్కను మీరే కాగితం మీద వేయండి. 30 లక్షల లోన్ 11 శాతం వడ్డీకి, పదేళ్ల వాయిదాలు అనుకుంటే నెలకు 41 వేల పైచిలుకు. చదివే రెండేళ్లలో పెరిగే వడ్డీ దీనికి అదనం. పది లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు ఇరవై వేలు, ఏడాదికి 24 శాతం. బ్యాంకు 11 శాతం మన లెక్కలో రూపాయి కూడా కాదు. లోన్ వాయిదాలు చదువయ్యాక మొదలవుతాయి, ఈ ఇరవై వేలు మాత్రం మీరు విమానం ఎక్కిన నెల నుంచే. ఎవరు కట్టాలి? టైలరింగ్ షాపు మీద నాన్నగారు. రెండేళ్లలో నాలుగు లక్షల ఎనభై వేలు కట్టినా అసలు పది లక్షలు అలాగే ఉంటాయి. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా తనఖా అడుగుతాయి, వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు ఎడ్యుకేషన్ లోన్‌కు తీసుకోవు. అందుకే ఆ రెండెకరాలు అమ్మే మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, దానికి ముందే సిద్ధంగా ఉండండి.

ఎమ్మెస్ చేయొద్దని నేను అనడం లేదు. ఎలక్ట్రానిక్స్‌లో చదివితే ఓపీటీ (చదువుతో ముడిపడిన పని అనుమతి) పన్నెండు నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) పొడిగింపు ఇంకో 24 నెలలు, మొత్తం మూడేళ్లు పనిచేసే వీలుంది. ఆ తర్వాత పని వీసా హెచ్1బీ కోసం లాటరీ. నియమాలు మధ్యలో మారుతుంటాయి. 2025 సెప్టెంబర్‌లో కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. అక్కడే చదివి వీసా మార్చుకునేవాళ్లకు అది వర్తించదని తర్వాత నెలలో వివరణ ఇచ్చారు. ఇలాంటి మార్పులను తట్టుకోవాలంటే అప్పు తక్కువైనా ఉండాలి, చేతిలో గట్టి నైపుణ్యమైనా ఉండాలి. ఇప్పుడు మీకు రెండూ లేవు. పైగా ఏప్రిల్‌లో మొదలుపెట్టి ఆగస్టుకు వెళ్లాలంటే ఐ-20 (వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం), లోన్, వీసా స్లాట్ అన్నీ హడావుడే, ఆ హడావుడిలో కన్సల్టెన్సీకి ఏ యూనివర్సిటీతో ఒప్పందం ఉంటే అక్కడికే పంపుతారు. ఫీజు తీసుకోవడం లేదంటే కమిషన్ అక్కడి నుంచి వస్తోందని అనుకోవాలి. బ్యాంకు బ్యాలెన్స్ తామే చూపిస్తామంటే అక్కడితో లేచి వచ్చేయండి. తప్పుడు పత్రం అని తేలితే అమెరికా వీసాకు శాశ్వతంగా అనర్హులవుతారు. ఏడాది ఆగి వెళితే ఒక ఉద్యోగమో అప్రెంటిస్‌షిప్పో రెజ్యూమేలో ఉంటుంది, డిసెంబర్‌లోనే నింపాదిగా అప్లై చేయొచ్చు, ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. ఆ ఏడాదిలో పోయేది వయసులో ఒక సంవత్సరం, దానితో వచ్చే పెళ్లి ఒత్తిడి. అది చిన్నదని నేను అనను.

ఏది చేయమంటే అది చేస్తానన్నారు. నా మొగ్గు చెబుతాను, నిర్ణయం మీది. ఆగస్టు దాకా ప్రాజెక్టు, వెరిలాగ్, డిజిటల్, ఆప్టిట్యూడ్. ఒకే రెజ్యూమే అన్ని చోట్లకూ పంపడం ఆపి, ప్రకటన చదివి మీకు సరిపోయే చోట్లకే పంపండి. మీ సీనియర్లలో ఆ కంపెనీలో ఎవరున్నారో చూసి రిఫరల్ అడగండి. ఆగస్టు చివర గేట్ ఫారం నింపండి. నవంబర్ రెండో వారంలో మూడు పూర్తి మాక్ పరీక్షలు రాయండి. మూడింటిలోనూ 45 మార్కులు దాటితే మిగిలిన మూడు నెలలు గేట్‌కే ఇవ్వండి, 30 దగ్గరే ఆగితే ఉద్యోగం మీదే ఉండండి. ఈ రెండు అంకెలు నా అంచనా మాత్రమే, కటాఫ్‌లు ఏటా మారతాయి.

నాన్నగారితో మాత్రం ఫోన్‌లో మాట్లాడకండి. ఈ ఆదివారం ఊరెళ్లి, బాబాయి కూడా ఉన్నప్పుడు, ఆ ఇరవై వేలు, 41 వేలు రాసిన కాగితం ముందు పెట్టి మాట్లాడండి. గడువు కూడా మీరే చెప్పండి: వచ్చే ఏప్రిల్ దాకా అని. వచ్చేటప్పుడు ప్రిన్సిపాల్‌కు ఇచ్చే దరఖాస్తు మీద నాన్నగారి సంతకం కూడా తెచ్చుకోండి.